టోపీకి ఎన్ని నాణేలు?

"భాయ్, ఇది నువ్వే గీయాలి. మాకేం తెలుస్తుంది?"

2016 చలికాలం. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ, మూడో అంతస్తు. రాత్రి తొమ్మిది దాటింది. ఆఫీసు ఖాళీ అయింది. మేం నలుగురం మిగిలాం. ముందు నాలుగు చాయ్ కప్పులు, ఒక బిస్కెట్ ప్యాకెట్.

పగలు మేం చేసే పని పరాయి దేశాల కంపెనీల ఆటలకు బొమ్మలు గీయడం. వాళ్ళ చెట్టుకి ఆకులు గీస్తాం. వాళ్ళ సిపాయికి బూట్లు తొడుగుతాం. ఆ ఆటల్లో మా పేరు ఎక్కడా ఉండదు. అందుకే రాత్రిపూట మాకోసం ఒక ఆట చేసుకుంటున్నాం. డబ్బుల కోసం కాదు. చిన్నప్పుడు కంప్యూటర్ సెంటర్లలో ఆడిన 'డేంజరస్ డేవ్' మీద ప్రేమతో.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. గట్లెక్కుతూ, గుంటలు దూకుతూ, నిచ్చెనలు పాకుతూ పోయే ఆటలుంటాయి. ప్లాట్‌ఫామ్ గేమ్ అంటారు. మారియో అలాంటిదే, డేవ్ అలాంటిదే. అలాంటి ఆటని ప్రేమించినవాళ్ళు, దాన్ని పోలిన ఆటని తమంతట తాము చేసుకుంటే అది అభిమానుల ఆట. మా ఆటలో కుర్రాడు చార్మినార్ దగ్గర బయలుదేరి సైబర్ టవర్స్ దాకా పరుగెత్తాలి. డేవ్‌లో బంగారు కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. మా ఆటలో ఇరానీ చాయ్ కప్పు. దారిలో నాణేలు ఏరుకుంటే కుర్రాడికి కొత్త వేషాలు వస్తాయి. మొదట్లో ఆ వేషాలన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి, ఒక్కో నీడ మీద ఒక్కో తాళంకప్ప. నాణేలు కడితే తాళం ఊడుతుంది, వేషం రంగుల్లోకి వస్తుంది.

జాబితా గోడమీద అతికించాం. పండగ పంచెకట్టు, 100 నాణేలు. బోనాల పోతరాజు, 200. మెడలో ట్యాగు వేసుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, 300. చివర్న 'సాయిబు', 500.

"చూడు, అన్నిటికంటే నీదే ఖరీదు!" అన్నాడు ప్రోగ్రాం రాసే నేస్తం. నవ్వాడు. నేనూ నవ్వాను.

గీయటానికి నమూనా కావాలి కదా అని ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఏదో సినిమాలోది. ఆకుపచ్చ లుంగీ. జాలీ బనీను. కళ్ళకు సుర్మా. మీసం లేని గడ్డం. నెత్తిన టోపీ. చేతిలో కత్తి. "మటన్ కొట్టే కత్తి భాయ్, ఇంకోలా అనుకోకు."

నేను ఇంకోలా అనుకోలేదు. ఇంకోలా అనుకోకుండా ఉండటం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

*

మా అబ్బా దర్జీ. నల్లగొండ జిల్లాలో, బస్సు రోజుకి రెండుసార్లు వచ్చే ఊళ్ళో, రచ్చకట్ట పక్కన ఆయన మిషన్. పంతులుగారికి లాల్చీ ఆయనే కుట్టాడు. రెడ్డిగారి కొడుక్కి పెళ్ళి ప్యాంటు ఆయనే కుట్టాడు. బతుకమ్మ పండక్కి పది రోజుల ముందు నుంచీ ఊరి ఆడవాళ్ళ జాకెట్ ముక్కలు మా ఇంట్లో గుట్టలుగా పడి ఉండేవి. ఆ పది రోజులూ మాకు అన్నం తినటానికి చోటుండేది కాదు. పీర్ల పండక్కి పీర్లకు కట్టే దట్టీలు కుట్టించుకోవటానికి వచ్చేవాళ్ళలో మావాళ్ళకంటే గొల్లలూ గౌండ్లూ ఎక్కువ. ఊరందరి వేషమూ అబ్బా చేతిలోంచే పోయేది. ఎవరి భుజం వెడల్పెంతో, ఎవరి పొట్ట ఎన్ని అంగుళాలు పెరిగిందో ఆయనకు తెలుసు. మనుషుల్ని ఆయన టేపుతో గుర్తుపెట్టుకునేవాడు.

మరి ఆయన వేషం? గళ్ళ లుంగీ. చేతుల బనీను. మెడలో టేపు. చెవి మీద చాక్‌పీసు. బనీనుకి గుచ్చుకున్న రెండు సూదులు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. శుక్రవారం మాత్రం ఇస్త్రీ చేసిన తెల్ల కమీజు, తెల్ల టోపీ. నమాజు నుంచి రాగానే ఆ టోపీని మడిచి మిషన్ సొరుగులో, దారపు రీళ్ళ పక్కన పెట్టేవాడు. పిలిచేవాళ్ళు "సాయిబూ" అనో "టైలర్ సాబ్" అనో పిలిచేవాళ్ళు. గిరాకీతో తెలుగు మాట్లాడేవాడు. మాతో మా ఇంటి ఉర్దూ. ఆ ఉర్దూలో సగం తెలుగే. అమ్మీ ఎప్పుడూ బురఖా తొడగలేదు. చీరకొంగు తలమీద కప్పుకునేది. ఆ ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళూ అట్లాగే కప్పుకునేవాళ్ళు.

నవాబుల షేర్వానీ మా ఇంట్లో ఎవరూ తొడగలేదు. తొడిగిందెవరని అడిగితే అబ్బా నవ్వి, "ఒకసారి కుట్టిన. నాటకానికి. తొడిగింది కోమటాయన" అనేవాడు.

*

1998లో మా పట్నంలో కంప్యూటర్ సెంటర్ వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ ఏడు నవంబర్‌లోనే ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. పేపర్లో ఆ గుండ్రటి భవనం బొమ్మ చూసి అబ్బా దాన్ని కత్తిరించి మిషన్ పక్కన గోడకి అంటించాడు. "నువ్వు అండ్ల పని చెయ్యాలె బేటా" అన్నాడు. నెలకింత అని కట్టి నన్ను సెంటర్లో చేర్పించాడు.

సెంటర్లో మేం నేర్చుకున్నదానికంటే ఆడింది ఎక్కువ. రెండే ఆటలు. ఒకటి డేవ్. రెండోది ప్రిన్స్.

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' 1989లో వచ్చింది. జోర్డన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు చేశాడు. తన తమ్ముణ్ణి తెల్ల బట్టల్లో పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలన్నీ ఒక్కొక్కటే గీసుకుని ఆటలోకి ఎక్కించాడు. అందుకే ఆ బొమ్మ నిజం మనిషిలా పరుగెత్తేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒకటే. తెర మీద తెల్ల పైజామాలో ఒక కుర్రాడు పరుగెడుతున్నాడు. ఈద్ రోజున నేను తొడుక్కునే బట్టల్లాంటివే. మొట్టమొదటిసారి హీరో మావాడిలా కనిపించాడు. నా గుండె ఉప్పొంగింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ ఆటలో విలన్ ఒక వజీరు. పేరు జాఫర్. మా ఇంటి వెనక గోనెసంచులు కుట్టే చాచా పేరు కూడా జాఫరే. పక్క కుర్చీలో కూర్చునే పిల్లలు నన్ను జాఫర్ అని పిలవడం మొదలుపెట్టారు. "మరి ప్రిన్స్ పేరేంది?" అని అడిగాన్నేను. ఎవరికీ తెలియదు. తెలియకపోవటం కాదు, ఆ ఆటలో ప్రిన్స్‌కి పేరే లేదు. హీరోకి మా బట్టలున్నాయి, పేరు లేదు. మా పేరున్నవాడు విలన్. పన్నెండేళ్ళప్పుడు ఈ మాట ఇలా చెప్పటం నాకు చేతకాలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది, అంతే.

*

ఆ రాత్రికి తిరిగొస్తాను. బొమ్మ గీయటానికి కూర్చున్నాను.

మా కుర్రాడి ఎత్తు 32 చుక్కలు. అంటే తెరమీద 32 చిన్న గళ్ళు. అందులో తలకి పదో పదకొండో. కంటికి ఒక్కటి. నిలబడటానికి రెండు బొమ్మలు, పరుగుకి ఆరు, దూకటానికి రెండు, నిచ్చెనకి రెండు, చచ్చిపోవటానికి ఒకటి. మొత్తం 13 బొమ్మలు గీస్తే ఒక వేషం. ఇంత చిన్న జాగాలో మనిషిని చూపించాలంటే ఏదో ఒకటి పెద్దది చేయక తప్పదు. మారియోకి టోపీ అలాగే వచ్చింది. 1981లో 'డాంకీ కాంగ్' ఆట కోసం షిగెరు మియమోటో ఆ బొమ్మ గీసినప్పుడు అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు గీయటం, దూకినప్పుడు దాన్ని కదిలించటం కష్టమని టోపీ పెట్టారు. నోరు గీయటం కష్టమని మీసం పెట్టారు. టోపీ పెట్టుకున్న ఆ కూలి మనిషిని దేశదేశాల పిల్లలు ప్రేమించారు. టోపీ ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు.

తర్వాత 1983లో మారియోకి తమ్ముడు కావాల్సొచ్చింది. కొత్త బొమ్మ గీయలేదు. అదే బొమ్మకి ఆకుపచ్చ పూశారు. లూయీజీ అయ్యాడు. రంగు మారిస్తే మనిషి మారిపోతాడు. మా నేస్తం చేయమన్నదీ అదే. పాత కుర్రాడికి ఆకుపచ్చ పుయ్యి, టోపీ పెట్టు, సాయిబు అవుతాడు.

ఇంకో సంగతి కూడా నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో మేమంతా ఆడిన అభిమానుల ఆట ఒకటుంది. 'అనదర్ మెట్రాయిడ్ 2 రీమేక్'. అర్జెంటీనాకి చెందిన మిల్టన్ గాస్తి ఏళ్ళ తరబడి కూర్చుని చేసి, ఉచితంగా పంచాడు. రోజులు తిరక్కుండానే నింటెండో కంపెనీ హక్కులు మావని చెప్పి దాన్ని దింపించింది. మా ఆటకీ అదే గతేమోనని మేం భయపడుతూ చర్చించుకునేవాళ్ళం.

ఆ మెట్రాయిడ్ కథలో యోధురాలి పేరు సేమస్. ఒంటినిండా ఇనుప కవచం. మొదటి ఆట 1986లో వచ్చింది. ఆడినవాళ్ళంతా ఆ కవచంలో ఉన్నది మగాడే అనుకున్నారు. తొందరగా ఆట ముగిస్తే చివర్న కవచం తీసి చూపిస్తుంది. ఆడమనిషి! ఆ తర్వాత కవచం లేకుండానే ఆమెతో మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు. తాళం తీసుకునే వేషాల్లో తొలినాళ్ళది అది. రెండో ఆట 1991లో గేమ్‌బాయ్ మీద వచ్చింది. దానికి రంగుల్లేవు. అంతకుముందు కవచం మారిందని రంగుతో చెప్పేవాళ్ళు. రంగుల్లేని తెరమీద ఎలా చెప్పాలి? భుజాలు గుండ్రంగా, ఇంతింత పెద్దవి చేసి గీశారు. ఆ భుజాలు తర్వాత ఆమెకి గుర్తుగా ఉండిపోయాయి. రంగుల తెరలొచ్చినా పోలేదు.

మమ్మల్నీ ఎవరో రంగుల్లేని తెరమీదే గీశారు. తేడా తెలియాలి గనక గడ్డం పెంచి గీశారు. టోపీ పెంచి గీశారు. చేతిలో కత్తి పెట్టారు. ఇప్పుడు తెరనిండా రంగులే. ఆ గీత మాత్రం అలాగే ఉంది.

నేను పెన్ను కింద పెట్టేశాను. "ఏ సాయిబుని గీయాలి?" అని అడిగాను.

"అదేంది భాయ్, సాయిబంటే సాయిబే కదా!"

కాదు. దూదేకే సాయిబుని గీయనా? అతనికి ఉర్దూ రాదు, మీ వాళ్ళు తురకోడంటారు, మా వాళ్ళు తురకోడు కాదంటారు. ఊదుపొగ వేసుకుంటూ దుకాణం దుకాణం తిరిగే ఫకీరుని గీయనా? తలపాగా చుట్టి నాగలి పట్టిన మా మేనమామని గీయనా? సైకిల్ పంక్చరేసే వాణ్ణా? సైకిల్ మీద గాజులమ్మే వాణ్ణా? టోలీచౌకీలో ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బస్సెక్కే వేలమందిలో ఒకణ్ణా? లేక నన్నా? నేను నీ ఎదురుగానే కూర్చున్నాను గదా. జీన్స్, టీషర్టు, మెడలో ట్యాగు. మూడేళ్ళుగా చూస్తున్నావు. నన్ను చూసి గీయమని ఎందుకు అనలేదు?

ఇవన్నీ నేను అన్నానా? లేదు. "ఏ సాయిబు" అని ఒక్క మాటే అన్నాను. మిగిలినదంతా బైక్ మీద ఇంటికి పోతూ, హెల్మెట్ లోపల అన్నాను.

*

ఈ ఐటీ తోవలో నా వేషం గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నేనప్పుడు అమీర్‌పేటలో ఒక గదిలో ఉండి యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. కొత్తగా గడ్డం పెంచుకుంటున్నాను. మతం కోసం కొంత, వయసు కోసం కొంత. తర్వాత రోజుల్లో పోలీసులు మా పిల్లల్ని డజన్ల లెక్కన పట్టుకుపోయారు. అబ్బా ఫోన్ చేశాడు. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. "గడ్డం తీసెయ్ బేటా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. "టోపీ జేబుల పెట్టుకో. అల్లాకు కనవడుతది" అన్నాడు.

పట్టుకుపోయినవాళ్ళమీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. కొన్నేళ్ళకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్ళకు పరిహారమిచ్చింది. క్యారెక్టర్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. నేనప్పటికి ఆటల కంపెనీలో చేరాను. మా పనిలో క్యారెక్టర్ అంటే బొమ్మ. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కుర్రాళ్ళకు ప్రభుత్వం క్యారెక్టర్ ఇవ్వటమేమిటి? వాళ్ళకు లేకపోతే గదా!

ఆ రోజు జేబులోకి వెళ్ళిన టోపీ మళ్ళీ బయటికి రాలేదు. నా ల్యాప్‌టాప్ సంచిలో చార్జరు పెట్టే అర ఉంది. దాంట్లో మడతపెట్టి ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం 'భోజనానికి పోతున్నా' అని చెప్పి మసీదుకి పోతాను. మెట్ల దగ్గర పెట్టుకుంటాను. మెట్లు దిగుతూ తీసేస్తాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనే అవకాశం నేనెవరికీ ఇవ్వలేదు.

కొండాపూర్‌లో ఇల్లు వెతుక్కున్నప్పుడు నా వేషం చూసి ఇల్లుగలాయన నవ్వుతూ గదులన్నీ చూపించాడు. బాల్కనీ చూపించాడు. నీళ్ళకు కరువు లేదన్నాడు. పేరు అడిగాడు. చెప్పాను. "మా ఆవిడతో ఒక మాట అనుకుని ఫోన్ చేస్తా" అన్నాడు. ఆ ఫోన్ ఇంకా రాలేదు. అట్లాంటి ఫోన్లు నాలుగు రావాలి నాకు.

అటు మావాళ్ళు? మసీదులో ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "చూడ్డానికి ముసల్మాన్‌లా లేవేం బేటా" అన్నాడు. ప్యాంటు చీలమండ దిగిందన్నాడు, గడ్డమేదన్నాడు. ఊళ్ళో చీరకట్టుకున్న మా ఆపా నగరానికొచ్చాక ఇరుగుపొరుగు మాటలకి బురఖా తొడిగింది. "అమ్మీ తొడగలేదు గదా" అంటే, "అమ్మీని ఊరంతా ఎరుగును. నన్నిక్కడ ఎవరెరుగుతారు?" అంది. వాళ్ళకూ వేషమే కావాలి, వీళ్ళకూ వేషమే కావాలి. అద్దెకిచ్చేవాడికి లేని టోపీ కనిపిస్తుంది. మసీదు పెద్దాయనకి ఉన్న నమాజు కనిపించదు.

ఈ నేల సంగతి మాత్రం వేరా? గచ్చిబౌలి పక్కనే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ మహానుభావుడి పర్యవేక్షణలోనే హుస్సేన్‌సాగర్ కట్టారని, ఆయన పేరే దానికొచ్చిందని చెప్తారు. షేక్‌పేట పేరులోనే షేక్ ఉన్నాడు. గోల్కొండ కోటగోడ బైక్ మీద పోతే పావుగంట. అయినా మా ఆట చివరి మజిలీకి వెనక తెర గీసినప్పుడు నేను గుండ్రటి టవర్ గీశాను, అద్దాల మేడలు గీశాను, శిల్పారామం గేటు గీశాను, దుర్గం చెరువు రాళ్ళు గీశాను. దర్గా గీయలేదు. ఎవరూ వద్దనలేదు. నాకే గుర్తు రాలేదు. ఆ మాటకొస్తే 'సాయిబు' వేషం నాది చార్మినార్ దగ్గర తాళం తీసుకుంటుంది, సైబర్ టవర్స్ దగ్గర కాదు. ఆ సంగతి కూడా నాకప్పుడు తప్పనిపించలేదు.

*

మూడు రాత్రులు కూర్చుని అబ్బాని గీశాను.

గళ్ళ లుంగీ గీయటం చాలా కష్టం. అన్ని తక్కువ చుక్కల్లో గళ్ళు రావు. నీలం, తెలుపు ఒకటి విడిచి ఒకటి పెట్టాను. మెడలో పసుపు టేపు. పరుగెత్తినప్పుడు టేపు కొసలు రెండూ ఎగరాలి. ఆ ఎగరటం కోసమే ఒక రాత్రి పట్టింది. కళ్ళద్దాలకి రెండు తెల్ల చుక్కలు. అబ్బా పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. పోలియో వచ్చిన కాలు. మిషన్ తొక్కింది ఒక్క కాలితోనే. తెర మీద మీట నొక్కగానే పరుగెత్తాడు. దూకాడు. నిచ్చెన ఎక్కాడు. నేను లేచి నీళ్ళ కుండీ దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చాను.

నేస్తం చూశాడు. "బాగుంది భాయ్. చాలా బాగుంది. ఎవరీయన?"

"సాయిబు."

"సాయిబులా లేడు గదా! టైలర్‌లా ఉన్నాడు."

"టైలరే. సాయిబు కూడా."

"అది నీకు తెలుసు. ఆడేవాళ్ళకెట్లా తెలుస్తుంది? కనీసం టోపీ పెట్టు."

ఇక్కడ నేను ఇరుక్కుపోయాను. టోపీ పెడితే వాళ్ళు చెప్పినట్టే అవుతుంది. పెట్టకపోతే? మా అబ్బా టోపీ దొంగిలించినట్టవుతుంది. శుక్రవారం ఆయన నెత్తిన ఉండేది గదా! దాన్ని చెరిపేయటానికి నేనెవర్ని? సినిమావాళ్ళు ఆ టోపీని ఎంత పాడుచేశారంటే, దాన్ని ప్రేమగా గీద్దామన్నా చేతులు రావటం లేదు. తెలుగులో 'టోపీ పెట్టాడు' అంటే మోసం చేశాడని. ఈ భాషలోనే నేను ఏడ్చాను, నవ్వాను, ప్రేమలేఖ రాశాను. ఈ భాషలో మా నాన్న నెత్తిన టోపీ పెట్టడమెట్లా?

నేస్తం చెడ్డవాడు కాదు. అది కూడా రాయాలి. అబ్బా పోయినప్పుడు మా ఊరికి వచ్చి, జనాజా వెనక చెప్పుల్లేకుండా నడిచినవాడు. మట్టి వేసినవాడు. అదే మనిషి రెండేళ్ళకు ఆయన బొమ్మ చూసి గుర్తుపట్టలేదు. చూసింది ఆఖరి రోజున, తెల్లగుడ్డ చుట్టాక. ఆ వేషం అందరిదీ ఒకటే.

ఆట రాసేవాళ్ళకు హిట్‌బాక్స్ అని ఒక మాట ఉంది. బొమ్మ చుట్టూ కనిపించని ఒక డబ్బా ఉంటుంది. శత్రువు ఆ డబ్బాకి తగిలితేనే దెబ్బ. వేషం ఎన్నిసార్లు మార్చినా ఆ డబ్బా మారదు. పోతరాజైనా, ఇంజనీరైనా, టైలరైనా అదే డబ్బా, అన్నే దెబ్బలు. ఇది ఆట నీతి. మారిస్తే ఆడేవాళ్ళు అన్యాయమంటారు. ఆ రాత్రి నేస్తానికి ఇదే చెప్పాను.

"మన ఆటలో టోపీ పెడితే డబ్బా పెరగదు. బయట పెరుగుతుందిరా. నేను టోపీ పెట్టుకుని ఈ రోడ్డుమీద నడిస్తే, నాకు తగలనివి కూడా తగుల్తాయి. అందుకే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నా."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఏ సంచిలో?" అన్నాడు. తీసి చూపించాను. మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. మొదటిసారి చూశాడు. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మడతమీద మడత పెట్టి ఇచ్చాడు. గోడమీది జాబితాలో 'సాయిబు' కొట్టేసి 'టైలర్ సాబ్' అని రాశాడు. 500 మాత్రం అలాగే ఉంది.

*

ఆ ఆట పూర్తి కాలేదు. ఒకడు బెంగుళూరు పోయాడు, ఒకడికి పెళ్ళయింది, నేను కంపెనీ మారాను. నా పాత ల్యాప్‌టాప్‌లో మూడు మజిలీలు మాత్రం ఆడటానికి పనికొస్తాయి.

మా ఆపా కూతురు ఇప్పుడు ఇక్కడే రాయదుర్గంలో పని చేస్తోంది. తలకి స్కార్ఫ్ కట్టుకుని పోతుంది, ట్యాగు దానిమీద వేలాడుతుంటుంది. ఒకచోట ఇంటర్వ్యూలో ఇది తీసేస్తావా అని అడిగారట. తీయనంది. ఆ ఉద్యోగం రాలేదు. ఇంకోటి వచ్చింది. "భయం వేయలేదా?" అన్నాను. "వేసింది మామూ. వేస్తే ఏంది?" అంది. మా ఆపా భయంతో తొడిగింది. నేను భయంతో తీశాను. ఈ పిల్ల భయపడుతూనే ఉంచుకుంది. నేను దాన్ని మెచ్చుకోవటానికి నోరు తెరిచాను. ఏ ముఖంతో మెచ్చుకోవాలో తెలియక ఊరుకున్నాను. ఆ పిల్ల చెల్లెలు స్కార్ఫ్ కట్టదు. ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు.

పోయిన రంజాన్ సెలవుల్లో మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ తెరిచింది. ఏడేళ్ళది. వేషాల పేజీలో తాళంకప్ప మీద వేలు పెట్టి, "అబ్బూ, ఇది ఎవరు?" అంది.

"దాదా."

"దాదాకి తాళం ఎందుకేశారు?"

నా దగ్గర జవాబు లేదు. ఫైలు తెరిచి 500 ఉన్నచోట సున్నా పెట్టాను. ఒక్క అంకె. అంతసేపే పట్టింది. తాళం ఊడింది. దాదా రంగుల్లోకి వచ్చాడు. మా అమ్మాయి ఆయన్ని చార్మినార్ దగ్గర్నించి పరుగెత్తించింది. గుంటలో పడేసింది. మళ్ళీ పరుగెత్తించింది. పసుపు టేపు గాల్లో ఎగురుతూ ఉంది. పక్కన కూర్చుని నేను 14వ బొమ్మ గీశాను. దాదా ఆగి, సొరుగులోంచి తెల్లటోపీ తీసి పెట్టుకునే బొమ్మ. శుక్రవారం అయితేనే అది వస్తుంది. అట్లా రాయించుకున్నాను, పాత నేస్తానికే ఫోన్ చేసి.

ఆటలో అంతే, ఒక్క అంకె. బయట ఎక్కడుందో ఆ ఫైలు, ఎవరు తెరవాలో నాకు తెలియదు. మొన్న శుక్రవారం మసీదు మెట్లు దిగుతూ చెయ్యి నెత్తిమీదికి పోయింది, అలవాటుగా. సగంలో ఆగింది. ఆఫీసు గేటు దాకా టోపీతోనే నడిచాను. గేటు దగ్గర తీశాను.

మసీదు నుంచి గేటుకి నాలుగు వందల అడుగులు. లెక్కపెట్టాను.